అంచున పేలు తూటా: గుఱి పిస్తోలు నెన్నుకొనుట, కాపాడుకొనుట

గడచిన సంవత్సరము వేసవి సెలవులకు ముందు ఒకనాటి సాయంకాలము మన పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచున్న ఒక బాలిక తండ్రి మా యింటికి వచ్చెను. ఆ బాలిక రెండేండ్లనుండి నగరములోని యొక గుఱి అభ్యాసశాలలో ప్రతి శనివారమును పిస్తోలుతో అభ్యాసము చేయుచున్నది. మొదటి యేడు క్రమముగా హెచ్చిన ఆమె మార్కులు ఆఱు నెలలనుండి తగ్గుచు వచ్చినవి. క్లబ్బువారి పాత పిస్తోలే దీనికి కారణమని తలచి, తండ్రి తన పేర లైసెన్సు పొంది, అప్పు చేసియైనను విదేశపు పిస్తోలు నొకదానిని కొన నిశ్చయించుకొనెను. "మాష్టరుగారూ, తమరు భౌతికశాస్త్రము చెప్పువారు గదా. ఏది కొనవలయునో తమరే చెప్పుడు" అని యడిగెను. ఆయన నెల జీతమెంతయో నేనెఱుగుదును. కావున వెంటనే ఏ పేరును చెప్పలేకపోయితిని. "కొనుటకు ముందు ఆ పాత పిస్తోలును ఒకమాఱు చూచెదము" అంటిని.

అట్లు మూడు శనివారములు నేనక్కడ చూచినదియు, శిక్షకుని యొద్ద నేర్చినదియు, పిమ్మట చదివి తెలిసికొన్నదియు ఈ పాఠమున వ్రాయుచున్నాను. ఇది పిస్తోలును గూర్చిన పాఠమే యైనను, ఏ పనిముట్టునైనను కొనువారికిని, వాడువారికిని పనికివచ్చునని నా నమ్మకము.

1. అంచున పేలుట యనగా నేమి?

పిస్తోలును గూర్చి తెలిసికొనుటకు ముందు దాని తూటాను గూర్చి తెలిసికొనవలయును. తూటాకు నాలుగు భాగములు: ఇత్తడి తొడుగు, అందులోని మందు, మందును అంటించు పేలుడు రసాయనము, తొడుగు మూతికి బిగించిన సీసపు గుండు. పెద్ద తుపాకుల తూటాలలో పేలుడు రసాయనము అడుగుభాగపు నడుమ, వేఱొక చిన్న గిన్నెలో నుండును. మనము చెప్పుకొనుచున్న చిన్న తూటాలో అట్టి గిన్నె లేదు. తొడుగు అడుగున వెలుపలికి పొడుచుకొని వచ్చిన అంచు లోపల బోలుగా నుండును. తయారు చేయునపుడు తడి రసాయనమును తొడుగులో వేసి గిరగిర త్రిప్పగా, అది ఆ బోలు అంచులోనికి చేరి అక్కడనే ఎండును. పిస్తోలు సూది ఆ అంచును కొట్టి నలుపగానే రసాయనము పేలి మందు నంటించును.

ఈ యేర్పాటువలన రెండు ఫలితములు కలుగుచున్నవి. సూది దెబ్బకు నలుగుటకై అంచు పలుచగా నుండవలయును. పలుచని తొడుగు ఎక్కువ ఒత్తిడిని ఓర్వలేదు. కావున ఈ తూటా చిన్నదిగనే యుండవలయును. చిన్నదగుటచే వెల తక్కువ, చప్పుడు తక్కువ, చేతికి వెనుకతాకిడి తక్కువ. నేర్చుకొనువారికి ఇంతకంటె తగినది లేదు. ఇది మొదటి ఫలితము. ఇక రెండవది: అంచు చుట్టును రసాయనము సమముగా వ్యాపింపనిచో, అది లేనిచోట సూది పడి తూటా పేలకపోవచ్చును. నడుమ పేలు తూటాలలోకంటె వీనిలో పేలనివి ఎక్కువ. ఈ రెండవ సంగతిని గుర్తుంచుకొనుడు. ముందు దానితో మనకు పని కలదు.

ఈ జాతి తూటాకు మూలపురుషుడు ఫ్రాన్సు దేశీయుడగు లూయీ నికొలా ఫ్లోబేర్. ఆయన 1845 ప్రాంతమున గదిలో వినోదముగా గుఱి కొట్టుటకు చిన్న తూటాను కల్పించెను. 1857లో అమెరికాలోని స్మిత్ అండ్ వెస్సన్ వారు తమ చిన్న రివాల్వరుతోపాటు, నేడు .22 షార్టు అని పిలువబడు తూటాను వెలువరించిరి. 1887లో అదే దేశమందలి స్టీవెన్స్ కంపెనీవారు .22 లాంగ్ రైఫిల్ అను తూటాను తెచ్చిరి. నేడు ప్రపంచమందంతటను గుఱి పందెములలో వాడబడుచున్నది ఇదియే. పేరులో రైఫిల్ అని యున్నను పిస్తోళ్లలోను దీనినే వాడుదురు. దీని గుండు వ్యాసము సుమారు 5.6 మిల్లీమీటర్లు, సాధారణముగా బరువు 40 గ్రెయిన్లు, అనగా 2.6 గ్రాములు.

పందెపు తూటాలను శబ్దవేగమునకు లోబడి పోవునట్లు చేయుదురు. గాలిలో శబ్దము సెకండునకు సుమారు 340 మీటర్లు పోవును. గుండు ఆ వేగమును దాటి పిమ్మట మందగించుచు మరల ఆ హద్దును దాటునపుడు గాలి తాకిడిచే చలించి గుఱి తప్పవచ్చును. కావున అతివేగపు తూటా మంచి తూటా యను తలంపు గుఱికాండ్రకు చెల్లదు.

2. గుఱి లెక్క

ఇప్పుడొక చిన్న లెక్క చేయుదము. బాలికలును స్త్రీలును పాల్గొను 25 మీటర్ల పిస్తోలు పందెమున మొత్తము 60 గుండ్లు కాల్చవలయును. మొదటి 30 గుండ్లు నిదానముగా, అయిదేసి గుండ్లకు 5 నిమిషముల చొప్పున. తక్కిన 30 గుండ్లు త్వరగా: లక్ష్యము 3 సెకండ్లు కనబడును, 7 సెకండ్లు మఱుగగును, కనబడిన ప్రతిమాఱు ఒక్క గుండే కాల్చవలయును. నిదానపు భాగమున వాడు లక్ష్యములో పది మార్కుల వలయపు వ్యాసము 50 మిల్లీమీటర్లు మాత్రమే.

పిస్తోలు గొట్టముపై ముందు ఒక నిలువు మొనయు, వెనుక ఒక చదరపు గాడియు నుండును. గాడి నడుమ మొన నిలిచి, రెండు ప్రక్కల వెలుతురు సమముగా కనబడి, రెంటి తలలును ఒక్క మట్టమున నున్నప్పుడు గుఱి సరిగా కుదిరినదని చెప్పుదురు. ఈ మొనకును గాడికిని నడుమ దూరము ఎక్కువలో ఎక్కువ 220 మిల్లీమీటర్లు. లక్ష్యమునకు దూరము 25 మీటర్లు, అనగా 25,000 మిల్లీమీటర్లు. సరూప త్రిభుజముల సూత్రము మీరెఱిగినదే. 25,000ను 220చే భాగింపగా సుమారు 114 వచ్చును. అనగా గాడిలో మొన ఒక్క మిల్లీమీటరు ప్రక్కకు జరిగినచో గుండు లక్ష్యముపై 114 మిల్లీమీటర్లు తప్పును. పది వలయపు నడిబొడ్డునుండి దాని అంచు 25 మిల్లీమీటర్ల దూరమే గదా! కాబట్టి మిల్లీమీటరులో నాలుగవవంతు కంటెను తక్కువ తప్పు చాలును, నడిబొడ్డున తగులవలసిన గుండు ఆ వలయపు అంచున పడుటకు.

దీనికి మాఱుగా, గాడియు మొనయు సరిగా కుదిరియుండి, చేయి మొత్తము 10 మిల్లీమీటర్లు ప్రక్కకు తేలినచో గుండు 10 మిల్లీమీటర్లే తప్పును. చేయి వణకుట చిన్న తప్పు. మీటను గుంజునపుడు పిస్తోలు మొగము త్రిప్పుట పెద్ద తప్పు. వణకని మనుష్యుని చేయి లేదు. కావున శిక్షకులు చేతి వణకును క్షమింతురు గాని మీట గుంజుటను క్షమింపరు. మంచి పిస్తోలు చేయవలసిన పని యేమో ఈ లెక్కనుబట్టియే తెలియును: వ్రేలు కదలినపుడు గాడిలోని మొన కదలకుండునట్లు చేతికి తోడ్పడుటయే దాని పని. తక్కినదంతయు అలంకారము.

3. ఎన్నుకొనుట

ఇక ఎన్నికలో చూడవలసిన వానిని ముఖ్యమైనదానినుండి క్రమముగా చెప్పెదను.

మొదటిది పిడి. పిడి చేతికి అమరవలయును గాని చేయి పిడికి అమరరాదు. దీనికి సులభమైన పరీక్ష కలదు. శిక్షకుడు తూటా లేదని చూచి యిచ్చిన పిస్తోలును పట్టి, లక్ష్యమువైపు నిలిచి, కన్నులు మూసికొని చేయి ఎత్తవలయును. పిమ్మట కన్నులు తెఱచినపుడు మొన గాడి నడుమనే యున్నచో పిడి కుదిరినది. మొన ప్రతిమాఱు ఒకే ప్రక్కకు తేలుచుండినచో పిడి కుదురలేదు. చూపుడువ్రేలి మొదటి కణుపు మెత్తనిభాగము మీటపై తిన్నగా ఆనవలయును. వ్రేలి తక్కినభాగము పిడిని రాచుకొనరాదు. రాచుకొన్నచో మీటతోపాటు పిస్తోలును ప్రక్కకు నెట్టును. పందెపు పిస్తోళ్లకు కొయ్య పిడులు చిన్న, నడితరపు, పెద్ద కొలతలలో దొరకును. అరచేతి క్రింది ఆనుడుపలకను పైకి క్రిందికి జరుపవచ్చును.

రెండవది మీట. పందెపు నిబంధనచే మీట కనీసము 1000 గ్రాముల బరువును ఓర్వవలయును. గొట్టమును నిలువుగా పట్టి, మీటకు కిలోగ్రాము తూనికను తగిలించి పైకెత్తుదురు. మీట జారక తూనికను మోసినచో పిస్తోలు ఉత్తీర్ణమైనది. అయితే బరువొక్కటియే చాలదు. మీట కొంతదూరము తేలికగా వచ్చి, ఒకచోట ఆగి, అక్కడ మరికొంత ఒత్తిడి పెంచగా గాజుపుల్ల విఱిగినట్లు జారవలయును. బురదలో కఱ్ఱ లాగినట్లు ఈడ్చుచు వచ్చు మీట ఎంత తేలికయైనను మంచిది కాదు.

మూడవది గుఱి భాగములు. వెనుకటి గాడిని పైకి, క్రిందికి, కుడికి, ఎడమకు జరుపు మరలుండవలయును. ఒక్కొక్క మెట్టు త్రిప్పగా "టిక్కు" మని తెలియవలయును, త్రిప్పినంతనే నిలువవలయును, కాల్పుల అదటునకు వదులు కారాదు.

నాలుగవది బరువు, దాని పంపకము. నిబంధనచే మొత్తము బరువు 1400 గ్రాములకు మించరాదు. గొట్టము 153 మిల్లీమీటర్లకు మించరాదు. పిస్తోలు మొత్తము 300, 150, 50 మిల్లీమీటర్ల కొలతలుగల పెట్టెలో ఇముడవలయును. బరువైన పిస్తోలు నిలుకడగా నుండునన్నది నిజమే. కాని పదునాలుగేండ్ల బాలిక చేయి 60 గుండ్లు కాల్చువఱకు దానిని మోయగలదా? నలుబదవ గుండునాటికి అలసిన భుజము, మొదటి పది గుండ్ల నిలుకడను వడ్డీతో తీసికొనును.

అయిదవది కట్టుబడి. కొన్నిటిలో తూటాల మేగజీను పిడిలో దూరును. 1957లో వెలువడిన స్మిత్ అండ్ వెస్సన్ 41వ నమూనాయు, స్విట్జర్లాండు దేశపు హ్యామర్లీ 208యు ఇట్టివి. కొన్నిటిలో మేగజీను మీటకు ముందు దూరును. జర్మనీ దేశపు వాల్టర్ జి.ఎస్.పి., ఇటలీ దేశపు పార్డీని ఇట్టివి. ముందు దూరు రకమున పిడిని చేతికి తగినట్లు మలచుట సులభము. బరువు ముందునకు ఒఱగి మూతి నిలుకడగా నుండును. పిడిలో దూరు రకము సాధారణముగా చేతికి సమతూకముగా తోచును. ఒకటి ఒకరికి తగును, మఱియొకటి మఱియొకరికి తగును. రెంటితోను ఆసియా మొదలు ఒలింపిక్కుల వఱకు పతకములు పొందినవారు కలరు.

ఆఱవది, పాత పిస్తోలును కొనువారికి ముఖ్యమైనది. పురుషుల త్వరిత పిస్తోలు పందెమున 2004 వఱకు .22 షార్టు తూటాలను, చాల తేలిక మీటలను వాడిరి. 2005లో నిబంధన మాఱి .22 లాంగ్ రైఫిల్ తూటాయు, 1000 గ్రాముల మీటయు విధింపబడినవి. కావున ఆ కాలపు షార్టు పిస్తోలు చౌకగా దొరికినను ఈ పందెములకు పనికిరాదు. అట్లే మరమ్మతు చేయువారు, మాఱు స్ప్రింగులు, సూదులు, మేగజీనులు దొరకునో లేదో ముందే విచారింపవలయును. స్ప్రింగు ఒక్కటి దొరకక ఏడాదిపాటు పెట్టెలో పడియుండు గొప్ప పిస్తోలుకంటె, పదిమంది చేతులలో నలిగి పని చేయుచున్న సామాన్యపు పిస్తోలు మేలు.

చట్టపు సంగతియు ఇక్కడనే చెప్పవలయును. మన దేశమున 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టమును, దాని సవరణలను అనుసరించి 21 ఏండ్లు నిండనివారికి సొంత తుపాకి లైసెన్సు లేదు. శిక్షణ పొందు పిల్లలు చట్టము అనుమతించిన వయస్సున, అనుమతిగల చోట, పెద్దల కన్నులయెదుట మాత్రమే వాడవలయును. నేర్చుకొను కాలమున క్లబ్బు పిస్తోలును వాడుట చిన్నతనము కాదు. అదియే సరియైన క్రమము.

4. కాపాడుకొనుట

పిస్తోలును తుడువబోవునపుడు మొదటి పని తుడుచుట కాదు. అది ఖాళీగా నున్నదని నిశ్చయించుకొనుట. మేగజీనును తీసి, బోల్టును వెనుకకు లాగి, తూటా కూర్చుండు అరను కంటితో చూచి, ఆ పిమ్మట తూటాలను వేఱొక బల్లపై నుంచవలయును. క్రమము తప్పరాదు: మేగజీను తీయకముందే బోల్టు లాగినచో, అది ముందుకు పోవునపుడు మఱియొక తూటా అరలోనికి పోవును.

ఈ చిన్న తూటా గుండు సీసముతో చేయబడి, పైన మైనము వంటి జిడ్డు పూయబడియుండును. కాలిన మందు మసి, సీసపు పొడి, ఈ జిడ్డు కలిసి నల్లని పేస్టువలె బోల్టు ముఖమునందును, అరయందును, ఖాళీ తొడుగును వెలికి లాగు చిన్న కొక్కెము క్రిందను పేరుకొనును. పిస్తోలు "పాడైనది" అని చెప్పబడు వేళలలో పెక్కింటికి కారణము ఈ పేస్టే. అర మురికియైనచో తూటా పూర్తిగా లోనికి కూర్చుండదు. అప్పుడు సూది దెబ్బలో కొంత తూటాను ముందుకు నెట్టుటకే ఖర్చగును, అంచు చాలినంత నలుగదు, తూటా పేలదు. కొక్కెము క్రింద మురికి చేరినచో ఖాళీ తొడుగు సగము వెలికి వచ్చి ఇఱుకును.

కావున ప్రతి అభ్యాసము పిమ్మట బోల్టు ముఖమును, కొక్కెమును, అర అంచును చిన్న నైలాను బ్రష్షుతో తోమి, మెత్తని నూలుగుడ్డతో తుడువవలయును. మేగజీను పెదవులను వ్రేలితో తడిమి చూడవలయును. నేలపై పడి పెదవి కొంచెము వంగినను తూటా ఏటవాలుగా లేచి ఇఱుకును.

గొట్టము విషయమున మాత్రము అత్యుత్సాహము పనికిరాదు. ఉక్కు కడ్డీతో మూతివైపునుండి దినదినము రుద్దువాడు కాల్పులకంటె ఎక్కువగా తానే గొట్టమును అరగదీయును. గుండు వెలువడు మూతి అంచు రవంత చెదరినను గుండు ప్రక్కకు త్రోయబడును. వీలైనంతవఱకు వెనుకవైపునుండి, మెత్తని తాడునకు గుడ్డముక్క కట్టి లాగుట మంచిది. తుడిచిన పిమ్మట మొదటి కొన్ని గుండ్లు చెదరి పడుట సహజము. గొట్టమునకు మరల పలుచని జిడ్డు పట్టినపిదప అవి ఒకచోటికి చేరును. కాబట్టి పందెపు ఉదయమున తుడిచి నేరుగా పందెమునకు పోరాదు.

నూనె ఒక చుక్క మేలు, పది చుక్కలు కీడు. జాఱు భాగములకు పలుచగా రాసి తుడువవలయును. అరలోను గొట్టములోను నూనె నిలువరాదు. మనవంటి ఉక్కదేశమున చేతి చెమటలోని ఉప్పు ఒక్క రాత్రిలో ఉక్కుపై వ్రేలిముద్రను త్రుప్పుగా మార్చగలదు. వాడినవెంటనే పై భాగమంతయు నూనెగుడ్డతో తుడిచి, చెమ్మను పీల్చు గుళికల పొట్లముతో పెట్టెలో నుంచవలయును. తోలు ఒఱలో నిలువయుంచరాదు. తోలు చెమ్మను పట్టియుంచును.

మఱియొక హెచ్చరిక. తూటా లేకుండ మీట నొక్కి అభ్యాసము చేయుట చాల మంచి అభ్యాసము. కాని అంచున పేలు పిస్తోళ్లలో పెక్కింట, ఇత్తడి అంచు అడ్డము లేనిచో సూది తిన్నగా అర ఉక్కు అంచును కొట్టును. సూది మొద్దుబాఱును, అర అంచు గంటుపడును. కాబట్టి అట్టి అభ్యాసమునకు ప్లాస్టిక్కు ఉత్తుత్తి తూటాను పెట్టుడు, లేదా ఆ పనికై తయారీదారు ఏర్పఱచిన మీటను వాడుడు.

కడపటి మాట దేహరక్షణకు. గుండులోను, పేలుడు రసాయనములోను సీసము కలదు. సీసము పిల్లల మెదడునకు హానిచేయు విషము. గాలి పాఱు చోటనే కాల్చవలయును. అభ్యాసమైన పిమ్మట సబ్బుతో చేతులును ముఖమును కడుగక తినరాదు, త్రాగరాదు. చెవులకు చెవిమూతలు, కన్నులకు గట్టి అద్దములు ఎన్నడును మానరాదు.

5. పేలని తూటా

నేను పోయిన మొదటి శనివారము ఆ బాలిక పదునొకండవ గుండునకు మీట నొక్కగా "టిక్కు" మను చప్పుడే వచ్చెను. ఆమె ఏమైనదో చూడవలెనని పిస్తోలును తనవైపు త్రిప్పబోయెను. వెనుక నిలిచియున్న నేనును, శాస్త్రము చెప్పువాడనై యుండియు, ఆతురతతో ముందుకు వంగితిని. శిక్షకుడు ఒక్కమాటయు పలుకక ఆమె మణికట్టును పట్టి మూతిని లక్ష్యమువైపే నిలిపెను. రెండవచేతితో నన్ను వెనుకకు నెట్టెను. పిమ్మట నెమ్మదిగా ముప్పదివఱకు లెక్కించెను.

ఏలయన, అంచులోని రసాయనము కొన్నిమాఱులు నెమ్మదిగా రగిలి, మందును కొంత ఆలస్యముగా అంటింపవచ్చును. ఇది అరుదు. కాని అరుదైనదానికై ముప్పది సెకండ్లు వేచియుండుట పెద్ద వెల కాదు. ఈ చిన్న తూటా గుండు మైలుకు మించిన దూరము పోగలదని, దగ్గఱ ప్రాణము తీయగలదని మఱువరాదు. ముప్పది సెకండ్లయిన పిమ్మట మేగజీను తీసి, బోల్టు లాగి, పేలని తూటాను వెలికి తీసిరి. దాని అంచుపై సూది గుర్తు చాల తేలికగా నుండెను.

దీనికి తోబుట్టువైన ఆపద మఱియొకటి కలదు. చప్పుడు మామూలుకంటె చిన్నగా వచ్చినచో గుండు గొట్టములోనే చిక్కియుండవచ్చును. దాని వెనుక మఱియొక గుండు కాల్చినచో గొట్టము ఉబ్బును లేదా పగులును. కాబట్టి చప్పుడులో భేదము తోచినంతనే ఆగి, మూతిని లక్ష్యమువైపే యుంచి, శిక్షకుని పిలువవలయును.

ఆనాటి రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. పాఠము చెప్పుటకు పోయినవాడను పాఠము నేర్చి వచ్చితిని.

6. తెలిసిన కారణము

రెండవ శనివారము శిక్షకుడును నేనును ఆ పిస్తోలును విప్పి చూచితిమి. అర చుట్టును నల్లని పేస్టు గట్టిపడియుండెను. రెండు మేగజీనులలో ఒకదాని పెదవి వంగియుండెను. పిడి పెద్దకొలతది, బాలిక వ్రేలు మీటను చివరితో మాత్రమే అందుకొనుచుండెను. చిన్నకొలత పిడి యొకటి క్లబ్బువారి అలమారలోనే ఏండ్లనుండి పడియుండెను! ఎవరును అడుగలేదు, కావున ఎవరును తీయలేదు.

మూడవ శనివారము శుభ్రముచేసిన పిస్తోలునకు చిన్న పిడి బిగించి కాల్పించితిమి. ఇఱుకుట మానెను. కాని మార్కులు కొంచెమే హెచ్చినవి. అప్పుడు శిక్షకుడు ఆమెకు తెలియకుండ మంచి తూటాల నడుమ ఒకటి రెండు ఉత్తుత్తి తూటాలను మేగజీనులో కలిపి యిచ్చెను. ఉత్తుత్తి తూటా వచ్చినపుడు పేలుడు లేదు, వెనుకతాకిడి లేదు. అయినను పిస్తోలు మూతి ఒక్కసారిగా క్రిందికి వంగెను. అందఱును చూచిరి, బాలికయు చూచెను. ఆమె కన్నులలో నీరు నిండెను.

తప్పు ఆమెదా? సగము మాత్రమే. ఆఱు నెలలపాటు ప్రతి పది గుండ్లకు ఒకటి ఇఱుకుటయో, పేలకపోవుటయో జరుగుచుండగా, ఆమె మనస్సు ప్రతిమాఱు మీట నొక్కుటకు ముందే బెదరుట నేర్చెను. మురికి పిస్తోలులో పుట్టి చేతిలోనికి ప్రవేశించినది. పిస్తోలును శుభ్రము చేయుటకు ఒక గంట పట్టినది. చేతిని శుభ్రము చేయుటకు మూడు నెలలు పట్టినది. ఆ మూడు నెలలును ఆమె క్లబ్బులో ప్రతిదినము పది నిమిషములు ఉత్తుత్తి తూటాతో గోడ నెదుట మొనను గాడిలో నిలిపి మీట నొక్కుట అభ్యసించెను. పిమ్మట పాత మార్కులను అందుకొని కొంత దాటెను. క్రొత్త విదేశపు పిస్తోలు వచ్చియున్నచో, ఆ బెదరు దానితోపాటు క్రొత్త పెట్టెలోనికి ప్రవేశించియుండెడిది. తండ్రికి అప్పుమాత్రము మిగిలియుండెడిది.

గుఱి యనునది చేతిలో నున్నదని చూపినవాడు హంగేరీ దేశపు కారోయ్ టకాచ్. సైనికుడగు ఆయన కుడిచేత కాల్చుటలో ప్రసిద్ధుడు. 1938లో చేతిబాంబు పేలి ఆ కుడిచేయి చెడెను. ఆయన ఎవరికిని చెప్పక ఎడమచేత అభ్యాసము మొదలుపెట్టెను. 1948లో లండను ఒలింపిక్కు క్రీడలలో 25 మీటర్ల త్వరిత పిస్తోలు పందెమున 600కు 580 మార్కులతో బంగారు పతకమును, 1952లో హెల్సింకీలో మరల బంగారు పతకమును పొందెను. మన దేశమునుండి విజయకుమార్ 2012లో లండనులోనే ఆ పందెమున వెండి పతకము తెచ్చెను. మన తెలుగునాటినుండి హైదరాబాదు బాలిక ఈషా సింగ్, 2023లో హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో 25 మీటర్ల పిస్తోలు పందెమున వెండి పతకమును, జట్టుతో బంగారు పతకమును గెలిచెను.

తల్లిదండ్రులారా! పిల్లల మార్కులు తగ్గినపుడు, అవి గుఱి మార్కులైనను పరీక్ష మార్కులైనను, క్రొత్త వస్తువు కొనుటకు ముందు పాతదానిని విప్పి చూడుడు. విద్యార్థులారా! తప్పు పనిముట్టుదా, చేతిదా యని తెలియగోరినచో ఉత్తుత్తి తూటా పరీక్షకు వెనుదీయకుడు. ఆనాడు కన్నీరు పెట్టిన ఆ బాలిక నేడు క్లబ్బులో చిన్నపిల్లలకు అర తుడుచుట నేర్పుచున్నది. పేలని తూటా వచ్చినపుడు ముప్పదివఱకు గట్టిగా లెక్కించుచున్నదియు ఆమెయే.

అభ్యాస ప్రశ్నలు

1. అంచున పేలు తూటా చిన్నదిగా ఎందుకుండవలయును?
2. మొనకు గాడికి నడుమ 160 మిల్లీమీటర్లు మాత్రమే గల పిస్తోలులో మొన ఒక మిల్లీమీటరు జరిగినచో 25 మీటర్ల దూరమున గుండు ఎంత తప్పును?
3. బోల్టు లాగుటకు ముందే మేగజీనును ఎందుకు తీయవలయును?
4. అరలో మురికి చేరినచో తూటా పేలకపోవుటకు కారణమేమి?
5. మీ యింట "పాడైనది" అని మూల పెట్టిన వస్తువు నొకదానిని పెద్దల అనుమతితో పరీక్షించి, నిజమైన కారణమును పది పంక్తులలో వ్రాయుడు.